బ్లాక్‌కరంట్ ఎవరు తిన్నారు?

కాబర్నే సావిన్యాన్ ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ గురించి ఎవరేం రాసినా అందులో బ్లాక్‌కరంట్ ఉండి తీరుతుంది. సీసా వెనక లేబుల్ మీద ఉంటుంది. లావుపాటి పుస్తకాల్లో ఉంటుంది. శనివారం రాత్రి తాగిన సీసా ఎలా ఉందో ఆదివారం పొద్దున ఒకరికొకరు చెప్పుకునే నాలుగు ముక్కల్లోనూ ఉంటుంది. కాస్త ఫ్రెంచి వాసన తగలాలనుకునేవాళ్ళు కాసిస్ అంటారు. పండు అదే.

మరి మనలో ఆ పండు తిన్నవాళ్ళెవరు? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగినవాళ్ళకి బ్లాక్‌కరంట్ అంటే ఐస్‌క్రీమ్. ఊదారంగు స్కూపు, మధ్యమధ్యలో నల్లటి ముక్కలు. చాలాచోట్ల ఆ నల్లటి ముక్కలు ఎండుద్రాక్షే. అంటే ద్రాక్షసారా రుచి ఎలా ఉందో చెప్పడానికి మనం ఒక పండు పేరు ఎత్తుతాం, ఆ పేరు వినగానే మన నాలుకకి గుర్తొచ్చేది మళ్ళీ ద్రాక్షే.

నవ్వుకుని వదిలేయొచ్చు. నేను చాన్నాళ్ళు అదే పని చేశాను. కానీ ఇందులో నన్ను పట్టుకున్న చిక్కు ఒకటుంది. రుచి ఎవరి నోట్లో వాళ్ళకే ఉంటుంది. దాన్ని పక్కవాడికి అందించాలంటే ఇద్దరూ ఎరిగిన వస్తువొకటి మధ్యలో ఉండాలి. వైన్ విషయంలో ఆ వస్తువులేవో ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు? వైన్‌కి వేల ఏళ్ళ చరిత్ర ఉంది కాబట్టి ఈ మాటలకీ అంతే ఉంటుందనుకుంటాం. లేదు. ఇవాళ మనం వాడుతున్న మాటల్లో చాలావాటికి మా అమ్మకున్నంత వయసు కూడా లేదు.

1663 ఏప్రిల్ 10న లండన్‌లో సామ్యూల్ పీప్స్ అనే నౌకాదళపు ఉద్యోగి లొంబార్డ్ వీధిలోని రాయల్ ఓక్ అనే తాగుడుశాలకి వెళ్ళాడు. హో బ్రయన్ అనే ఫ్రెంచి వైన్ తాగాననీ, అలాంటి మంచి, ప్రత్యేకమైన రుచి ఇంతకుముందెప్పుడూ తగల్లేదనీ డైరీలో రాసుకున్నాడు. హో బ్రయన్ అంటే బోర్డో పక్కనున్న ఓ-బ్రియోన్ తోట. చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఒక తోట పేరు చెప్పి, దాని వైన్ రుచి గురించి ఇంగ్లీషులో రాసిన మొదటి వాక్యంగా దీన్ని చెప్తుంటారు.

పీప్స్ మాటల పిసినారి కాదు. ఏం తిన్నాడో, ఎవరితో సరసమాడాడో, భార్యతో ఎందుకు పోట్లాడాడో, తన మూత్రాశయంలోంచి రాయి తీసిన రోజుని ఏటేటా ఎలా పండగ చేసుకున్నాడో కూడా రాసుకున్న మనిషి. అలాంటివాడికి ఈ వైన్ దగ్గర 'ప్రత్యేకం' అనే మాట మించి దొరకలేదు. ఏ పండూ గుర్తు రాలేదు, ఏ పువ్వూ గుర్తు రాలేదు. ఎందుకంటే అప్పటిదాకా లండన్‌వాళ్ళకి బోర్డో నుంచి వచ్చే ఎర్ర వైన్ అంతా ఒక్కటే, క్లారెట్. ఏ తోటదో ఎవరికీ పట్టేది కాదు. ఓ-బ్రియోన్ యజమాని పోంటాక్ తన వైన్‌ని తోట పేరు మీద, ఎక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాకే ఒకదాన్నించి ఇంకోదాన్ని వేరుచేసి చెప్పాల్సిన అవసరం పుట్టింది. పీప్స్ రాసిన ఆ ఒక్క మాట ఆ అవసరానికి వచ్చిన మొదటి జవాబు. ఇది వేరు అన్నాడు, అంతే. ఎలా వేరో చెప్పడానికి ఇంకో మూడువందల ఏళ్ళు పట్టింది.

1677లో అదే తోటకి తత్త్వవేత్త జాన్ లాక్ వెళ్ళాడు. ఆయన రాసుకున్నది నేల గురించి. తెల్లటి ఇసుక, కొంచెం గులకరాయి, చూస్తే ఏ పంటా పండదనిపించే నేల అని. తర్వాత 1690లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో లాక్ రుచి గురించి ఒక మాట అన్నాడు. అది వైన్ గురించి కాదు, అనాసపండు గురించి. అనాస తినని మనిషికి ఎన్ని మాటలు చెప్పినా ఆ రుచి తెలియదని ఆయన వాదన. అప్పట్లో ఇంగ్లండులో అనాస రాజుల బల్లల మీద తప్ప కనపడేది కాదు. నా మట్టుకు నాకు టేస్టింగ్ నోట్ల చరిత్ర మొత్తం లాక్ వేసిన ఈ సవాలుకి జవాబిచ్చే ప్రయత్నంలాగే కనిపిస్తుంది. ఆ సవాలు ఎవరూ గెలవలేదు. కానీ ఓడిపోయిన తీరులు చూడ్డానికి బాగుంటాయి.

మొదటి తీరు, రుచి మాట ఎత్తకుండా ధర చెప్పడం. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు తమ ఎర్ర వైన్లని అయిదు తరగతులుగా విడదీశారు. ఈ రోజుకీ ఆ పట్టికే వేదం. అందుకోసం వాళ్ళు కూర్చుని సీసాలు విప్పి రుచి చూడలేదు. ఏళ్ళ తరబడి ఏది ఎంతకి అమ్ముడుపోయిందో లెక్కలు చూసుకున్నారు. బజారు కంటే మంచి నాలుక ఎవరికుంటుందనేది వాళ్ళ ధీమా. అప్పట్నుంచీ చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే, 1973లో మూతోఁ రోత్‌షీల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించారు.

రెండో తీరు, వైన్‌ని మనిషిని చేయడం. మన సాహిత్యపాఠకులకి ఇది బాగా ఎక్కుతుంది, ఎందుకంటే దీన్ని స్థిరపరిచినవాడు సాహిత్యం మాస్టారే. జార్జ్ సెయింట్స్‌బరీ ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన ఆచార్యుడు. ఉద్యోగం మానాక 1920లో, తన నేలమాళిగలోని సీసాల జాబితాని ఆధారం చేసుకుని ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో 1846 నాటి హెర్మిటాజ్ వైన్ గురించి, తాను తాగిన ఫ్రెంచి వైన్లన్నిటిలోకీ మగతనం ఎక్కువున్నది అదేనని రాశాడు. ఏ పండు వాసన వచ్చిందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఆయన పాఠకులు ఆయనలాంటివాళ్ళే. అవే బడులు, అవే క్లబ్బులు, అవే సీసాలు. 'వంశం' ఉన్న వైన్ అంటే వాళ్ళకి చాలు. ఆ క్లబ్బులోకి రాలేనివాడికి ఆ మాట తలుపు మీద వేసిన తాళం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన అలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. నోట్లో వేసుకోగానే రసమైపోయేది ద్రాక్ష, తొక్క ఒలవాల్సింది అరటి, పగలగొట్టి పీచు తీస్తే గానీ దక్కనిది కొబ్బరి. వాళ్ళు పద్యం గురించి చెప్పడానికి పండు దగ్గరికి వెళ్ళారు. సెయింట్స్‌బరీ ద్రాక్ష గురించి చెప్పడానికి మనిషి దగ్గరికి వెళ్ళాడు. నాకు మనవాళ్ళ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది. అరటిపండు ఎలా తింటారో పామరుడికీ తెలుసు.

ఈ వంశాల గోలని చూసి నవ్వినవాడు జేమ్స్ థర్బర్. 1937లో న్యూయార్కర్ పత్రికలో ఒక కార్టూన్ వేశాడు. భోజనాల బల్ల దగ్గర ఇంటాయన గ్లాసెత్తి, ఇది నాటు బర్గండీయే, అమాయకపుది, పెంపకం లేనిది, కానీ దాని పొగరు మీకు సరదాగా ఉంటుంది అన్న అర్థంలో అతిథులకి చెప్తుంటాడు. ఆ నవ్వుతో ఆ భాష చావలేదు గానీ, దాన్ని వాడేవాళ్ళకి సిగ్గు మొదలైంది.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. అక్కడ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. పదమూడేళ్ళలో వైన్ చేసేవాళ్ళూ పోయారు, తాగి మంచిచెడ్డలు చెప్పేవాళ్ళూ పోయారు. మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. తాతల నేలమాళిగలు లేవు, వారసత్వపు నాలుక లేదు. ఆ పని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ మీద పడింది. అక్కడ మేనార్డ్ అమరీన్ అనే ఆచార్యుడు వైన్‌ని ఇరవై మార్కుల పరీక్షపత్రంలా దిద్దడం నేర్పాడు. రంగుకి ఇన్ని, వాసనకి ఇన్ని, పులుపుకి ఇన్ని. అలంకారాలంటే ఆయనకి చిరాకు.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ పెట్టిన పోటీ కథ అందరికీ తెలిసిందే, సినిమా కూడా వచ్చింది, దాన్ని మళ్ళీ చెప్పను. తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు సీసాలు చూడకుండా మార్కులేస్తే కాలిఫోర్నియా వైన్లు రెండు విభాగాల్లోనూ మొదట నిలిచాయి. నాకు నచ్చే వివరం వేరే ఉంది. ఆ రోజు అక్కడున్న ఒకే ఒక్క విలేకరి, టైమ్ పత్రిక మనిషి జార్జ్ టేబర్ చేతిలో, ఏ గ్లాసులో ఏముందో చెప్పే జాబితా ఉంది. న్యాయనిర్ణేతలకి లేదు. ఒక పెద్దాయన తెల్ల వైన్ ఒకటి రుచి చూసి, హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్సుకి వచ్చాం అన్న ధోరణిలో మాట్లాడాడు. టేబర్ జాబితా చూసుకున్నాడు. అది కాలిఫోర్నియాది. తప్పు ఆ పెద్దాయన నాలుకది కాదని నా ఉద్దేశం. వైన్ బాగుందని నాలుక సరిగ్గానే చెప్పింది. బాగుండటానికి ఆయన దగ్గరున్న మాట ఒక్కటే, 'ఫ్రాన్స్'.

అప్పటికి రెండేళ్ళ ముందు, 1974లో, ఆన్ నోబుల్ డేవిస్‌లో చేరింది. ఆ విభాగంలో పాఠాలు చెప్పిన మొదటి మహిళ. ఆమె పద్ధతి వింటే మన వంటిల్లు గుర్తొస్తుంది. ఏ వాసనా పెద్దగా లేని వైన్‌ని గ్లాసుల్లో పోసేది. ఒకదాంట్లో పచ్చి క్యాప్సికమ్ ముక్క, ఒకదాంట్లో జామ్, ఒకదాంట్లో డబ్బాలో నిలవుంచిన ఆస్పరాగస్ నీళ్ళు, ఒకదాంట్లో సోయాసాస్, ఇంకోదాంట్లో లవంగం. అన్నీ సూపర్‌మార్కెట్ సరుకులే. విద్యార్థులు ముందు వీటిని వాసన చూడాలి, పేరు గుర్తుపెట్టుకోవాలి, ఆ తర్వాత అసలు వైన్‌లో అది ఉందో లేదో చూసుకోవాలి. 1984లో ఈ మాటలన్నిటినీ ఒక చక్రంలో పేర్చి సహచరులతో కలిసి అచ్చువేసింది. మధ్యలో పండు, పువ్వు, మసాలా, మట్టి లాంటి పెద్ద పేర్లు. బయటికి వెళ్ళేకొద్దీ నిమ్మజాతి, బెర్రీజాతి. చివరి అంచున గ్రేప్‌ఫ్రూట్, స్ట్రాబెర్రీ, బ్లాక్‌కరంట్.

ఆ చక్రంలో 'గొప్ప' లేదు, 'వంశం' లేదు, 'మగతనం' లేదు. ఇది బాగుంది అనడానికి అసలు మాటే లేదు. కావాలనే తీసేసింది. ముక్కున్న ఎవరైనా, కిరాణాకొట్టుకి వెళ్ళగలిగిన ఎవరైనా నేర్చుకోవచ్చు. సెయింట్స్‌బరీ వేసిన తాళాన్ని ఒక క్యాప్సికమ్ ముక్కతో తీసిందనాలి. వైన్ చరిత్రలో పేరున్న యజమానులనీ, విమర్శకులనీ అందరం తలుచుకుంటాం గానీ, ఇంతమంది సామాన్యులకి నోరిచ్చినందుకు నా ఓటు ఈవిడకే.

అయితే చక్రం ఒక ఊళ్ళో తయారైంది. ఆ ఊరి కొట్లో దొరికే సరుకుతో తయారైంది. అందులోనూ ఒక తమాషా ఉంది. బ్లాక్‌కరంట్ అమెరికన్లకీ తెలియని పండే! ఆ మొక్క తెల్ల పైన్ చెట్లకి తెగులు అంటిస్తుందని 1910ల్లో అక్కడి ప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించింది. కలప వ్యాపారం ముందు ఒక చిన్న నల్లపండు ఎంత. కేంద్రం నిషేధాన్ని 1966లో ఎత్తేసి రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. న్యూయార్క్ లాంటి చోట 2003 దాకా కదల్లేదు. తరాలకి తరాలు ఆ పండు మొహం చూడకుండా పెరిగాయి.

ఇంగ్లండులో దీనికి సరిగ్గా తిరగేసి జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల దెబ్బకి నారింజలు రావడం ఆగిపోయింది. విటమిన్ సి కోసం దేశంలో పండే బ్లాక్‌కరంట్లతో పానకం కాసి చిన్నపిల్లలకి ప్రభుత్వం ఉచితంగా పంచింది. రైబీనా అనే పేరుతో ఇప్పటికీ అమ్ముడవుతున్న పానకం అదే. ఆ పిల్లలు పెద్దయ్యి 1960ల్లో, 70ల్లో బోర్డో వైన్ల గురించి రాయడం మొదలుపెట్టేసరికి, గ్లాసు దగ్గర ముక్కు పెట్టగానే వాళ్ళకి అమ్మ పట్టిన పానకం గుర్తొచ్చి ఉంటుందని నా ఊహ. ఫ్రెంచివాళ్ళకి డిజోన్ పట్టణపు కాసిస్ మద్యం ఎలాగూ ఉంది. అంటే ఒకరిది యుద్ధకాలపు రేషను, ఇంకొకరిది ఇంటిపక్క సారా. కాబర్నేలో బ్లాక్‌కరంట్ ఉందన్న మాట వాళ్ళ వాళ్ళ బాల్యాల్లోంచి వచ్చింది. అమెరికన్లకి ఆ మాట వాళ్ళ రాతల్లోంచి వచ్చింది. మనకి అమెరికన్ల రాతల్లోంచి.

ఆ రాతల్లో పెద్దపీట రాబర్ట్ పార్కర్‌ది. మేరీలాండ్‌లో లాయరు. 1978లో సొంతంగా ఒక వైన్ పత్రిక పెట్టి, అమెరికన్ బడిపిల్లల మార్కుల పద్ధతిలో వందకి ఇన్ని అని వేయడం మొదలుపెట్టాడు. 1982 బోర్డో పంటని మొదట్లోనే ఆకాశానికెత్తి, అది నిజమయ్యాక తిరుగులేనివాడయ్యాడు. ఆయన నోట్లలో కాసిస్ పొంగి పొర్లుతుంది. నోబుల్ చక్రం ఒక్కో వాసనని పట్టుకోమంది. పార్కర్ తరహా రాతల్లో ఆ వాసనలన్నీ వరసగా పేర్చిన ఫలహారం బల్ల అయ్యాయి. పది పళ్ళు, మూడు మసాలాలు, ఒక తోలు సంచి, చివర మార్కు. చదివినవాళ్ళు మార్కు చూసి కొన్నారు, పళ్ళు చూసి మాట్లాడటం నేర్చుకున్నారు.

2001లో బోర్డో నుంచే ఒక పరిశోధన వచ్చింది. మోరో, బ్రోషే, దుబూర్దియూ అని ముగ్గురు. దీన్ని గురించి మీరు వినే ఉంటారు: తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపిస్తే నిపుణులంతా బోల్తా పడ్డారు, కాబట్టి వైన్ కబుర్లన్నీ బూటకం అని. ఆ కథ అలా చెప్పుకుంటే పార్టీల్లో బాగుంటుంది. జరిగింది ఇంకాస్త వివరంగా చూడాలి. 54 మంది వైన్ విద్యార్థులు. మొదటిసారి వాళ్ళకి ఒక తెల్లదీ ఒక ఎర్రదీ ఇచ్చి, వాసనలకి మాటలు రాయమన్నారు. తెల్లదానికి తేనె, నిమ్మ లాంటి లేతరంగు వస్తువులు రాశారు. ఎర్రదానికి ముదురురంగు వస్తువులు. రెండోసారి అదే తెల్ల వైన్‌ని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో వాసన లేని ఎర్ర రంగు కలిపారు. తాగక్కర్లేదు, వాసన చూస్తే చాలు. మీ మాటల్లో ఏది ఏ గ్లాసులో ఎక్కువుందో చెప్పమన్నారు. ఎర్ర మాటలన్నీ ఎర్ర గ్లాసుకే వెళ్ళాయి.

దీన్ని మోసం బయటపడటం అనుకోను నేను. 1929లో ఐ.ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో తన విద్యార్థులకి కవుల పేర్లు దాచిపెట్టి పద్యాలిచ్చి, వాళ్ళ అభిప్రాయాలని పుస్తకంగా వేశాడు కదా. చదువుకున్న పిల్లలు పేరున్న కవుల్ని తీసిపారేశారు, అనామకుల్ని మెచ్చుకున్నారు. దాన్ని చూసి కవిత్వం బూటకమని ఎవరూ అనలేదు. పేరుతో, కాలంతో, అట్ట బొమ్మతో కలిపే మనం చదువుతామని తెలిసింది. ఇక్కడా అంతే. ముక్కు ఒంటరిగా పనిచెయ్యదు. కన్ను ముందే వెళ్ళి ఒక అర తలుపు తీసిపెడుతుంది, ఆ అరలో ఉన్న మాటలే ముక్కుకి దొరుకుతాయి. భయపడాల్సింది ఏమైనా ఉంటే, ఆ అరలు మనకి ఎవరు కట్టిచ్చారన్నది.

ఆ అరల్ని వాడుకుని దొంగతనం చేసినవాడూ ఉన్నాడు. రూడీ కుర్నియావాన్ అనే కుర్రాడు కాలిఫోర్నియాలో తన ఇంట్లో మామూలు వైన్లని కలిపి, పాత లేబుళ్ళు అచ్చేసి, అరుదైన బర్గండీలుగా కోట్ల రూపాయలకి అమ్మాడు. 2008లో ఒక వేలంలో పోన్సో తోట పేరున్న 1945 నాటి సీసా కనపడితే, ఆ తోట యజమాని స్వయంగా న్యూయార్క్ వచ్చి ఆపించాడు. ఆ రకం వైన్ వాళ్ళు చేయడం మొదలుపెట్టిందే 1980ల్లో. 2013 డిసెంబరులో కుర్నియావాన్ మీద నేరం రుజువైంది, మరుసటేడు పదేళ్ళ శిక్ష పడింది. నన్ను ఆలోచింపజేసేది అమాయకంగా ఆ సీసాలు తాగినవాళ్ళ సంగతి. 1945 వైన్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు లోకంలో ఎందరు? మిగతావాళ్ళంతా పాత నోట్లు చదివి, ఇలా ఉండాలి అని మనసులో ఒక రుచి కట్టుకున్నారు. అతను ఆ రుచిని చేసి పోశాడు. నిజానికి అతను కలిపింది వైన్లని కాదు, పాత నోట్లలోని మాటల్ని.

ఇంత చెప్పాక, ఈ మాటలన్నీ గాలిమూటలేనా అని అడిగితే, కాదు. షిరాజ్ ద్రాక్ష వైన్‌లో మిరియాల వాసన వస్తుందని చాన్నాళ్ళుగా అంటున్నారు. 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థవాళ్ళు దాని కారణాన్ని పట్టుకున్నారు. రొటండోన్ అనే పదార్థం. నల్ల మిరియాల్లో ఆ వాసనకి కారణం కూడా అదే. పోలిక కాదు, రెండింటిలో ఉన్నది ఒకే వస్తువు. కాబర్నేలో క్యాప్సికమ్ వాసన కూడా అలాంటిదే. అయితే అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. అయిదుగురిలో ఒకరికి రొటండోన్ వాసన అసలు తెలియదు. ఎంత ఎక్కువ మోతాదులో ఇచ్చినా సరే. ఒకే బల్ల దగ్గర, ఒకే సీసాలోంచి పోసుకుని, ఒకరు మిరియాలంటారు, ఇంకొకరు ఎక్కడా అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

హైదరాబాద్‌లో మేం కొందరం నెలకోసారి కలుస్తాం. ఎవరో ఒకరింట్లో, ఎక్కువగా నాశిక్ వైన్లు, ఎవరైనా విదేశాల నుంచి వస్తే ఒకటో రెండో బయటివి. గత నెలలో ఏం తాగామో, ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాస్తాం. మొదటి ఏడాది పేజీలు తిరగేస్తే అన్నీ చెర్రీలు, ప్లమ్‌లు, బ్లాక్‌కరంట్లు. మాలో నల్లగొండ పిల్లాడొకడున్నాడు. వాళ్ళ తాత తాళ్ళెక్కినవాడు. ఏ చెట్టు కల్లో, పోతుతాడో పరుపుతాడో, పొద్దున దించిందో మధ్యాహ్నం దాకా ఉంచిందో ఒక్క గుక్కతో చెప్పే మనుషుల మధ్య పెరిగాడు. మా బల్ల దగ్గర మాత్రం మూడునెలలు నోరు మెదపలేదు. ఒకరోజు మెల్లగా అడిగాడు.

"అక్కా, ఇది బాగ వొగరుగున్నది. గట్ల రాయొచ్చా?"

ఎందుకు రాయకూడదు! వైన్ పుస్తకాల్లో టానిన్ అని రాసేదాని రుచి అదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, ఓక్ పీపాలోంచి వస్తుంది. ఉమ్మిలో ఉండే జారుడుని పట్టేసి నాలుకని గరుకు చేస్తుంది. ఇంగ్లీషులో దానికి ఇళ్ళల్లో వాడే మాట లేదు. ఆస్ట్రింజెంట్ అంటే మందుల షాపు గుర్తొస్తుంది. అందుకని పాపం టీ డికాక్షన్ అనీ, తోలు అనీ, పట్టు అనీ ఎన్నో తిప్పలు పడతారు. మనకి షడ్రుచుల్లో అదొకటి. ఉగాది నాడు పచ్చిమామిడి తిన్న ప్రతి పిల్లకీ తెలుసు. పచ్చి అరటికాయ వగరు, వక్క వగరు, నేరేడుపండు వగరు, కరక్కాయ వగరు వేరువేరని కూడా తెలుసు.

ఇలా ఆలోచించింది మేం మొదట కాదు. 2008లో ఆసియా మూలాలున్నవాళ్ళలో మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ అయిన జీనీ చో లీ, హాంగ్‌కాంగ్‌లో కూర్చుని, ఆసియా నాలుకలకి ఆసియా తిండిలోంచే పోలికలు ఇవ్వాలని పుస్తకాలే రాసింది. మన దేశం నుంచి ఆ పట్టా మొదట అందుకున్నది సోనాల్ హాలండ్, 2016లో. ఆ పరీక్ష లండన్‌లో 1953 నుంచీ ఉంది. రాసేవాళ్ళు అక్కడి మాటలు నేర్చుకోక తప్పదు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య, మెల్‌బోర్న్‌కీ ముంబైకీ మధ్య ఒకే భాష లేకపోతే వ్యాపారం నడవదు. నేరేడుపండు రుచి నార్వేవాడికి నేనెలా చెప్పేది? లాక్ గారి అనాస మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే బ్లాక్‌కరంట్‌ని నోటుపుస్తకం నుంచి వెలేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లేబుల్ మీద అది ఉంటే, ఆ సీసా ఏ గుంపుదో ఒక అంచనా వస్తుంది. తెలియని ఊళ్ళో వీధి పేరులా పనికొస్తుంది.

ఒప్పుకోనిది ఇంకోటుంది. బ్లాక్‌కరంట్ అనలేనివాడు ఊరుకోవడం. ఆ పిల్లాడు మూడునెలలు ఊరుకున్నాడే, ఆ మూడునెలల్లో మా పుస్తకంలో రాసినవాటిలో నేను నిజంగా వాసన చూసి రాసినవెన్నో, చదివి రాసినవెన్నో ఇప్పుడు చూస్తే విడదీయలేకపోతున్నాను. అతని వరసలు మాత్రం విడిగా కనపడతాయి. కిందటి నెలది నాశిక్ షిరాజ్. అతని చేతిరాతలో ఇలా ఉంది: 'ముందు నేరేడు. తర్వాత ఎండిన వక్క. మింగినంక నాలుక మీద వొగరు చానసేపున్నది. అందరు మిరియాలంటున్నరు, నాకైతే రాలే.' కింద ఇంకెవరో పెన్సిల్‌తో రాశారు: 'నాకూ రాలేదు.'